ఆరు గళ్ళు, నల్ల ఇంకు

నవంబర్ 5, ఉదయం 6.05

ఈ రోజు నుంచి నేను వేరే మనిషిని.

సంకల్పం: పదిహేను రోజుల్లో నా పైలట్ శిక్షణకి క్రమం ఖరారు చేస్తాను. ఒకసారి రాస్తే రాసిందే. పెన్నుతోనే రాస్తాను, నల్ల ఇంకు. పెన్సిల్ ముట్టను. మనసు గట్టిగా లేనివాళ్ళకే పెన్సిల్ కావాలి. (ఈ వాక్యం నాదే. బాగుంది.)

సంగతి ఇదీ. ప్రైవేట్ లైసెన్స్ పోయిన నెల చేతికొచ్చింది. దానితో చిన్న విమానాన్ని సరదాకి నడపొచ్చు, జీతానికి నడపకూడదు. జీతం తీసుకోవాలంటే ఇంకా ఆరు పనులున్నాయి:

థియరీ పరీక్షలు (పదమూడు పేపర్లు).
గంటలు పోగు చేసుకోవడం (ఒంటరిగా ఎగురుతూ లాగ్‌బుక్ నింపడం).
రాత్రి శిక్షణ.
రెండు ఇంజన్ల విమానం.
ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ (మేఘాల్లో, బయట ఏమీ కనబడనప్పుడు మీటర్లు చూసి నడపడం).
కమర్షియల్ లైసెన్స్.

ఏది ముందు, ఏది తర్వాత? ఫ్లయింగ్ స్కూల్ వాళ్ళు ఆరు గళ్ళున్న ఫారం ఒకటి ఇచ్చి, నువ్వే రాయి అన్నారు. 19వ తేదీ సాయంత్రం ఐదు లోపు ఇవ్వాలి. రెండు ఇంజన్ల విమానం స్కూల్లో ఒక్కటే ఉంది కాబట్టి బ్యాచ్‌కి ఆరుగురే. ఐదు సీట్లు నిండాయి. ఆరోది నాకోసం ఆపారు. నా వెనక ముగ్గురు కాచుకుని ఉన్నారు. ఇది తప్పితే మళ్ళీ ఏడాదికే.

ఏడాది పాటు ఇంట్లో కూర్చోనివ్వనని నాన్న ముందే చెప్పేశాడు. నాన్న సిటీ బస్సు డ్రైవర్. వాళ్ళ డిపోలో టైం టేబుళ్ళు వేసే సెక్షన్లో ఒక కుర్చీ ఖాళీ అవుతోందట. మొన్న ఆ కుర్చీ నా కల్లోకి వచ్చింది. దానికి ఒక చెయ్యి లేదు.

లెక్క వేశాను. ఆరు పనుల్ని 720 రకాలుగా పేర్చొచ్చు. పదిహేను రోజులు. రోజుకి 48. శేషం సున్నా. అంకెలు కూడా నా పక్షమే!

జాగ్రత్తలు:
1. అసలు ఫారం నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవర్ని ఫైల్లో పెట్టి, ఫైల్ని బీరువాలో పెట్టాను.
2. ఆరు గళ్ళు మాత్రం పెద్దవి చేయించి ఎనిమిది జిరాక్స్‌లు తీయించాను. అభ్యాసానికి.
3. నా రబ్బరు నాయనమ్మకి దానం చేశాను. ఆవిడ రోజూ పేపర్లో గళ్ళ నుడికట్టు నింపుతుంది. కళ్ళజోడు మీదుగా నన్ను చూసి, "దాచిపెడతాలే. కావాల్సొస్తుంది," అంది. రాదు అన్నాను.

నవంబర్ 5, రాత్రి 8.00

48 అయ్యాయి. సరిగ్గా 48. మధ్యలో టీ కూడా తాగాను.

ఇవాళ్టి పదం: క్రోడీకరణ. నాయనమ్మ నుడికట్టులో నిలువు 7. రాస్తుంటేనే చేతికి హోదా వచ్చినట్టుంది.

నవంబర్ 6, రాత్రి 7.30

31. తగ్గినా నాణ్యత పెరిగింది. పనికొక రంగు చొప్పున చీటీలు కోసి గోడకి అంటించాను. థియరీకి పసుపు, రాత్రికి నీలం, రెండు ఇంజన్లకి రెండు ఎరుపులు. గది కళకళలాడుతోంది.

నాన్న డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. ఇంత చక్కటి చార్టు వాళ్ళ డిపోలోనే లేదన్నాడు. నేను పొంగిపోయేలోపు రెండో మాట అందుకున్నాడు.

"మా టైం టేబుల్ వేసేవాడు కూడా నీలాగే. ఇరవై రెండేళ్ళుగా వేస్తున్నాడు. ఒక్కనాడూ బస్సెక్కలేదు."

ఆ కుర్చీ ఎవరిదో ఇప్పుడు తెలిసింది. ఆయన రిటైర్ అవుతున్నాడట.

నవంబర్ 8, సాయంత్రం 6.15

నిన్న రాయలేదు. కారణం: రంగు కాగితాలు అయిపోయాయి. నీలం లేకుండా రాత్రి గురించి ఆలోచించడం నిజాయితీ అనిపించుకోదు.

ఇవాళ స్కూల్‌కి వెళ్ళాను. ఎగరడానికి కాదు, అభిప్రాయ సేకరణకి. నోట్‌బుక్, రెండు పెన్నులు తీసుకెళ్ళాను.

మొదట పొడుగుని అడిగాను. వాడూ నేనూ ఒకేరోజు లైసెన్స్ తెచ్చుకున్నాం. వాడి మోకాళ్ళు చిన్న విమానంలో పట్టవు, చెవుల దాకా వస్తాయి. ఫారం ఎప్పుడిచ్చావంటే, తీసుకున్న రోజే, విమానం టైరు మీద కూర్చుని ఐదు నిమిషాల్లో నింపి ఇచ్చేశాడట. ఏ క్రమం రాశావంటే గుర్తులేదన్నాడు. జీవితాన్ని టైరు మీద కూర్చుని నిర్ణయించుకునేవాళ్ళని చూస్తే నాకు జాలి.

తర్వాత మెకానిక్ బాబాయి. ఆయన అందరికీ బాబాయే. ఇంజను మూత తీసి లోపలికి తల దూర్చి ఉన్నాడు. ముందు ఏది నేర్చుకోవాలి బాబాయ్ అంటే, ముందు ఆ పదో నంబరు స్పానర్ అందుకోమన్నాడు. అందించాను. అది పన్నెండు నంబరుదట. అక్కడితో ముఖాముఖి ముగిసింది.

చివరికి చెక్‌లిస్ట్ మేడమ్. మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్. టీకి వెళ్ళేముందు కూడా కళ్ళజోడు, తాళాలు, కర్చీఫ్ అని వరసగా తడుముకుని గాని లేవదు కాబట్టి ఆ పేరు. కమర్షియల్ ముందా, రెండు ఇంజన్లు ముందా అని అడిగాను. ఆవిడ ఎదురు ప్రశ్న వేసింది. చివరిసారి ఎప్పుడు ఎగిరావు అని అడిగింది.

ప్రణాళిక దశలో ఉన్నాను మేడమ్ అన్నాను.

ఆవిడ ఊ అంది. ఆ ఊ నాకు నచ్చలేదు.

నవంబర్ 10, ఉదయం 9.40

దొరికింది! 720లో మకుటం!

థియరీ ముందు. బుర్ర వేడిగా ఉన్నప్పుడే చదివెయ్యాలి. తర్వాత గంటలు, కమర్షియల్, రెండు ఇంజన్లు, ఇన్‌స్ట్రుమెంట్, ఆఖర్న రాత్రి. మొదటి జిరాక్స్ మీద నల్ల ఇంకుతో రాశాను. కింద సంతకం పెట్టాను. సంతకాన్ని చేవ్రాలు అంటారని నాయనమ్మ చెప్పింది. ఇకమీదట నేను సంతకం పెట్టను, చేవ్రాలు చేస్తాను.

నవంబర్ 10, సాయంత్రం 4.20

ఇన్‌స్ట్రుమెంట్‌కి థియరీ తాజాగా గుర్తుండాలట. థియరీ మొదటి గడిలో, ఇన్‌స్ట్రుమెంట్ ఐదో గడిలో ఉంటే మధ్యలో అంతా ఆవిరైపోతుంది. సీనియర్ ఒకాయన ఫోన్లో చెప్పాడు.

రెండో జిరాక్స్.

నవంబర్ 10, సాయంత్రం 6.50

అదే సీనియర్ మళ్ళీ ఫోన్ చేసి, తను ఇందాక పొరబడ్డానన్నాడు. మూడో జిరాక్స్. ఇలాంటివాళ్ళ చేతిలో ఇప్పుడు మూడొందల మంది కూర్చున్న విమానం ఉంది.

నవంబర్ 12

ముందు రెండు ఇంజన్లు నేర్చుకుంటే కమర్షియల్ పరీక్ష ఆ విమానంలోనే పూర్తిచెయ్యొచ్చు. కానీ దానికి ముందు గంటలు కావాలి. గంటలు పోగవ్వాలంటే ఎగరాలి. ఎగరాలంటే ఏ పని కింద ఎగురుతున్నానో తెలియాలి. అది తెలియాలంటే క్రమం కావాలి.

ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. నుయ్యి ముందా గొయ్యి ముందా అని కూడా ఒక పట్టిక వెయ్యాలనిపించింది. వెయ్యలేదు. (వేశాను. చిన్నది.)

ఇవాళ్టి పదం: మీమాంస. పలుకుతుంటే ఏదో తినే వస్తువులా ఉంది. కానీ కడుపు నిండదు.

నవంబర్ 13, మధ్యాహ్నం 2.30

ఏడు జిరాక్స్‌లు అయిపోయాయి. ఎనిమిదోది మిగిలింది. దానిమీద పెన్నుతో రాయడానికి చెయ్యి రావడం లేదు.

నాయనమ్మ దగ్గరికి వెళ్ళి కాసేపు అటూ ఇటూ తచ్చాడాను. ఏం కావాలే అంది. ఏం లేదన్నాను. ఆవిడ తలగడ కిందనుంచి రబ్బరు తీసి నుడికట్టు పక్కన పెట్టింది. దాన్ని చూడనట్టు చూశాను.

అద్దె ప్రాతిపదికన తీసుకున్నాను. గంటసేపటికి. రోజుకి రెండుసార్లు ఆవిడ కళ్ళజోడు వెతికిపెట్టాలి. రబ్బరు ఒక్కటే ఏం చేసుకుంటానని పెన్సిల్ కూడా ఇచ్చింది.

సంకల్పం చెక్కుచెదరలేదు. అసలు ఫారం మీద పెన్నే. ఇది అభ్యాసం. సంగీతం నేర్చుకునేవాళ్ళు తప్పు స్వరం పాడరా?

నవంబర్ 14

వాన. వానలో ఆలోచనలు తడుస్తాయి.

నవంబర్ 15, సాయంత్రం 5.00

పరిశీలించినవి ఇప్పటికి 103. మిగిలినవి 617. రోజులు నాలుగు. రోజుకి 154 పైచిలుకు. అంకెలు పక్షం మార్చాయి.

నాయనమ్మ నుడికట్టు నింపుతుంటే పక్కన కూర్చున్నాను. అడ్డం 1 తెలియదట, వదిలేసింది. నిలువు 9 తెలుసట, నింపింది. మొదటిది రాకుండా తొమ్మిదోది ఎలా రాస్తావని అడిగాను.

"తెలిసింది రాసి పారేస్తే, ఆ అక్షరాలే మిగతావి చెబుతాయే పిల్లా. అన్నీ తెలిశాక రాద్దామని కూర్చుంటే ఆపాటికి రేపటి పేపరు వస్తుంది."

తర్వాత నా గోడ వైపు చూసి, ఆలూ లేదు చూలూ లేదు అని సగంలో ఆపింది. మిగతా సగం నేనే పూరించుకున్నాను.

నవంబర్ 16

గోడ మీంచి రంగుకొకటి చొప్పున చీటీలు తీసి, మడతపెట్టి డబ్బాలో వేసి నాయనమ్మ చేత తీయించాను. ఇది జూదం కాదు, యాదృచ్ఛిక నమూనా సేకరణ. మొదట కమర్షియల్ వచ్చింది. ఒప్పుకోలేదు. మళ్ళీ తీయించాను. రెండు ఇంజన్లు వచ్చింది. కలిపి మళ్ళీ తీయించాను. మూడోసారికి ఆవిడ డబ్బా నా ఒళ్ళో పెట్టి, నీకు ఏది రావాలో చెప్పు, అదే తీస్తానంది.

అదే కదా తెలియనిది.

నవంబర్ 17

తాత్సారం.

(ఇది ఇవాళ్టి పదమూ, ఇవాళ్టి పనీ.)

నవంబర్ 18, రాత్రి 7.45

ముగిసింది. మనిషి అనుకుంటే కానిది లేదు.

నాన్న అన్నం తింటూ, ఎల్లుండి డిపోలో అప్లికేషన్లకి ఆఖరి రోజన్నాడు. నొప్పించాలని కాదు, వార్త చెప్పినట్టే చెప్పాడు. అంతే, లేచి చెయ్యి కడుక్కుని బీరువా తెరిచాను. ఫైల్లోంచి కవర్, కవర్లోంచి ఫారం. చెమట అంటకుండా ఫారం కింది సగం మీద తెల్ల కాగితం కప్పి, దానిమీద అరచెయ్యి ఆనించి, ఒక్క ఊపున రాశాను.

1. థియరీ. మే దాకా.
2. గంటలు. థియరీతో పాటే, ఆదివారాలు.
3. రాత్రి. జూన్. చలి ఉండదు, ఆకాశం శుభ్రంగా ఉంటుంది. నా ప్రణాళికలో ఇదే కిరీటం.
4. రెండు ఇంజన్లు.
5. కమర్షియల్.
6. ఇన్‌స్ట్రుమెంట్.

నల్ల ఇంకు. ఒక్క కొట్టివేత లేదు. చేవ్రాలు. పైన కప్పిన కాగితంతో సహా కవర్లో పెట్టేశాను. రబ్బరూ పెన్సిలూ నాయనమ్మకి అప్పగించాను.

నవంబర్ 19, రాత్రి 8.00

జరిగింది జరిగినట్టు రాస్తాను.

3.40: స్కూల్ చేరాను. మేడమ్ విద్యార్థితో గాల్లో ఉంది. విమానాలు పెట్టే హ్యాంగర్ దగ్గర బాబాయి రన్‌వే పక్కన పెట్టే దీపాలు తుడుస్తున్నాడు. టైం ఉంది కదా అని ఫారం ఆయనకి చూపించాను. నిజం చెప్పాలంటే మెప్పు కోసం చూపించాను.

ఆయన వేలితో ముట్టుకోకుండా, గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని వంగి చదివాడు. మూడో గడి దగ్గర ఆగాడు.

"జూన్‌లో రాత్రా తల్లీ?"

అవునన్నాను. చలి ఉండదు అన్నాను.

"చలీ ఉండదు, రాత్రీ ఉండదు. ఏడున్నర దాకా వెలుగే. మనకి ఏడింటికి రన్‌వే మూసేస్తారు. ఈ దీపాలు ఏప్రిల్లో లోపల పెడితే మళ్ళీ సెప్టెంబర్‌కే నేను బయటికి తియ్యడం."

720 క్రమాలు, ఆరు రంగులు. సూర్యుడు ఎప్పుడు అస్తమిస్తాడో ఒక్కసారి చూడలేదు.

3.55: రాత్రిని మూడో గడిలోంచి తీసి ఆరులో వేశాను. ఆరోది ఐదుకి రావాలి. ఐదుది నాలుగుకి. నల్ల ఇంకుతో కొట్టేస్తే నల్లటి మచ్చ. బాణం గీశాను. బాణం ఇంకో బాణానికి తగిలింది. నాలుగో గడిలో చిన్న చిల్లు పడింది. అయితే ఆరో గడి వచ్చేసరికి ఏ నెల అవుతుందో లెక్కేస్తే, మళ్ళీ జూనే. ఆ పై ఏడాది జూన్.

4.41: మేడమ్ గది. కళ్ళజోడు, తాళాలు, కర్చీఫ్. కూర్చుంది. నేను ఫారం బల్లమీద పెట్టాను. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. వెలుతురుకి ఎత్తిపట్టి, చిల్లులోంచి నన్ను కూడా చూసింది.

"పెన్నుతో రాశావేం?"

సంకల్పం గురించి చెప్పాను. మనసు గట్టిగా లేనివాళ్ళకే పెన్సిల్ కావాలన్న వాక్యం కూడా చెప్పేశాను. అప్పుడు ఆవిడ వేలు ఫారం కిందికి జరిగింది. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాలు. నేను జిరాక్స్ తీయించినప్పుడు వదిలేసిన చోటు. రాసేటప్పుడు కాగితం కప్పి అరచెయ్యి ఆనించిన చోటు.

పెన్సిల్‌తో మాత్రమే నింపవలెను.

భూమి చీలితే బాగుండుననిపించింది. ఎగరాలనుకునేదాన్ని, కోరుకున్నది మాత్రం అదీ.

మేడమ్ నవ్వలేదు. సొరుగు తెరిచి పాత ఫారాల కట్ట బయట పెట్టింది. ఒక్కో ఫారం ఎన్నిసార్లు తుడిచారో, గళ్ళ దగ్గర బూడిదరంగుకి తిరిగిపోయింది. విమానం పాడవుతుంది, వానలు పడతాయి, పరీక్ష తీసుకునేవాళ్ళు సెలవు పెడతారు. పద్నాలుగేళ్ళలో రాసిన వరసలో శిక్షణ పూర్తి చేసినవాళ్ళు ఒక్కరూ లేరంది. తన ఫారం కూడా అందులో ఉందట, చూపించను అంది. పైన ఉన్నది పొడుగుది. మొదటి గడిలో రాత్రి అని ఉంది. మిగతా ఐదు గళ్ళలో ఒక విమానం బొమ్మ పడుకుని ఉంది. తోక ఆరో గడిలోకి వచ్చింది. పోయిన వారం నుంచి వాడు చీకట్లో ఎగురుతున్నాడు.

4.52: మేడమ్ కొత్త ఫారం తీసి, పెన్సిల్ చేత్తో పట్టుకుంది.

"ఐదింటికి ఫైలు మూసేస్తాను. మొదటి గడి చెప్పు. ఒక్కటే."

నా బుర్రలో 720 ఒకేసారి లేచి నిలబడ్డాయి. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. చెయ్యి లేని కుర్చీ కనిపించింది. కిటికీలోంచి చూస్తే అప్పుడే వెలుగు వాలిపోతోంది. బయట బాబాయి దీపాలు ఒక్కొక్కటీ మోసుకెళ్ళి రన్‌వే అంచున పెడుతున్నాడు. నాకు ఈ క్షణంలో తెలిసింది ఒక్కటే: ఇప్పుడు తొందరగా చీకటి పడుతోంది.

"రాత్రి," అన్నాను.

ఆవిడ రాసింది. తర్వాత నా లాగ్‌బుక్ అడిగి, చివరి పేజీ చూసి, నా వైపు తిప్పింది.

"నలభై ఒక్క రోజులైంది నువ్వు నేల వదిలి. రేపు పొద్దున ఏడింటికి నాతో రా. విమానం ఇంకా నీ మాట వింటే సీటు నీది. వినకపోతే నీ వెనకవాళ్ళది."

ఇంటికొచ్చి గోడ మీది చీటీలన్నీ పీకేశాను. నీలం ఒక్కటి ఉంచాను.

నవంబర్ 20, ఉదయం 9.15

7.00కి ఎక్కాం. మొదటి పది నిమిషాలు చేతులు నావి కావు. దిగేటప్పుడు చక్రాలు నేలని తాకి, నచ్చక లేచి, మళ్ళీ తాకి, మళ్ళీ లేచి, మూడోసారికి రాజీపడ్డాయి. మేడమ్ కిటికీలోంచి గడ్డిని చూస్తూ ఉండిపోయింది.

"మూడుసార్లు దిగావు. లాగ్‌బుక్‌లో ఒకటే రాసుకో. మళ్ళీ లే."

రెండోసారి రెండుసార్లు దిగాను. మూడోసారి ఒక్కసారే. నేల తగిలినట్టే తెలియలేదు. పట్టికలూ రంగులూ ఏవీ గుర్తురాలేదు; రన్‌వే ఒక్కటే కనిపించింది.

ఇంజను ఆపాక మేడమ్ దిగి, కళ్ళజోడు, తాళాలు, కర్చీఫ్ తడుముకుని, నాలుగడుగులు నడిచి, వెనక్కి తిరగకుండానే సాయంత్రం ఆరింటికి రమ్మంది. బాబాయి దీపాలు పెట్టి ఉంచుతాడట.

సీటు నాది.

డిపో దగ్గర బస్సు కడుగుతున్న నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. నీళ్ళ పైపు కట్టేసిన చప్పుడు వినిపించింది. తర్వాత, అయితే ఆ కుర్చీ ఇంకెవరికైనా చెప్పెయ్యనా అన్నాడు. గొంతు ఎందుకో సరిగ్గా లేదు. బస్సు చప్పుడనుకుంటాను.

నవంబర్ 20, మధ్యాహ్నం 12.00

కొత్త సంకల్పం. ఈసారి నిజంగా.

ఒక్క గడి. ఈ గడి పూర్తయ్యేదాకా రెండో గడి వైపు కన్నెత్తి చూడను. క్రమాల జోలికి పోను. 720 అనే అంకెను ఎక్కడ చూసినా రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్తాను. రబ్బరూ పెన్సిలూ ఇక అడగనని నాయనమ్మ కాళ్ళకి మొక్కి చెప్పాను. ఆవిడ రబ్బరుని తలగడ కిందనుంచి తీసి బొడ్లో దోపుకుంది. దగ్గరుంటే మంచిదట.

ఇవాళ్టి పదం: శ్రీకారం.

రాత్రి శిక్షణ మొదటి రోజుకి చదువుకోవాల్సినవి చూసుకున్నాను. దీపాల రంగులు, చీకట్లో కళ్ళు అలవాటుపడటం, టవర్‌తో మాటలు, లేవడం, దిగడం. మొత్తం ఐదు.

ఏది ముందు చదవాలి?

ఐదింటిని 120 రకాలుగా పేర్చొచ్చు. ఆరింటికి ఇంకా ఆరు గంటలుంది. గంటకి ఇరవై. శేషం సున్నా.